బ్రేకు లెక్కకు బాట వేసిన గెలీలియో

చలనం పాఠం చదివిన ప్రతి ఒక్కరికీ మూడు సమీకరణాలు గుర్తుంటాయి. వాటిలో మూడోది వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈక్వల్స్ టూ ఎ ఎస్. స్టడీ అవర్లో దాన్ని పదిసార్లు రాస్తాం, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాం, ఆ తర్వాత మరిచిపోతాం. కానీ హాస్టలు గేటు దాటి రోడ్డు మీదికి వస్తే మన ప్రాణాలు ఆ సమీకరణం మీదే ఆధారపడి ఉంటాయి. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు తొక్కితే బండి ఎంత దూరంలో ఆగుతుందో చెప్పేది అదే.

ఆ లెక్కకు పునాది వేసిన మహనీయుడు గెలీలియో గెలీలి. టెలిస్కోపుతో ఆకాశాన్ని చూసినవాడిగా, మతపెద్దల చేతిలో శిక్ష పడినవాడిగా ఆయన అందరికీ తెలుసు. కానీ వస్తువు వేగం ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అనే ఒక్క ప్రశ్న మీద ఆయన పడిన శ్రమ గురించి మనం తక్కువగా చెప్పుకుంటాం. ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేయాలని ఈ చిన్న ప్రయత్నం.

బాల్యం, చదువు

గెలీలియో 1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా పట్టణంలో జన్మించారు. తండ్రి విన్సెంజో గెలీలి సంగీత విద్వాంసుడు. లూట్ అనే తంత్రీవాద్యం వాయించేవారు, సంగీతశాస్త్రం మీద గ్రంథాలు రాశారు. పేరు ఉన్నా డబ్బు లేని కుటుంబం. పిల్లల్లో గెలీలియోనే పెద్దవాడు.

తండ్రికి ఒక మంచి అలవాటు ఉండేది. పాత గ్రంథాల్లో ఉన్నదాన్ని ఉన్నట్టు నమ్మకుండా తానే చేసి చూసేవారు. తీగలకు బరువులు వేలాడదీసి శ్రుతి ఎలా మారుతుందో పరీక్షించారు. అదే తీగ రెట్టింపు స్థాయిలో పలకాలంటే దానికి కట్టిన బరువు రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలని కనిపెట్టారు. రెండుకు నాలుగు అనే ఈ లెక్క తర్వాత కొడుకు జీవితంలోనూ మరో రూపంలో ఎదురవుతుంది.

కొడుకు డాక్టరైతే కుటుంబం గట్టెక్కుతుందని తండ్రి ఆశ. 1581లో గెలీలియోను పీసా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేర్పించారు. అక్కడ ఉండగా ఒస్తీలియో రిచ్చి అనే గణిత పండితుని పాఠాలు ఆయన చెవిన పడ్డాయి. ఇక వైద్యం మీద మనసు నిలవలేదు. 1585లో పట్టా పుచ్చుకోకుండానే చదువు ఆపేశారు. ప్రపంచ విజ్ఞానశాస్త్రానికి పితామహుడని చెప్పుకునే వ్యక్తి దగ్గర డిగ్రీ లేదంటే నమ్మశక్యం కాదు గానీ అది నిజం.

నాలుగేళ్ళు ప్రైవేటు పాఠాలు చెప్పుకుని బతికారు. 1589లో తాను పట్టా తీసుకోని పీసా విశ్వవిద్యాలయంలోనే గణితం బోధించే ఉద్యోగం వచ్చింది. జీతం ఏడాదికి 60 స్కూడీలు. వైద్యం బోధించేవారి జీతాలతో పోలిస్తే అది చాలా తక్కువ. పీసా గోపురం మీద నుంచి బరువులు జారవిడిచారన్న కథ ఈ కాలానికి చెందిందే. ఆ కథ ఆయన శిష్యుడు వివియాని రాసిన జీవితచరిత్రలో ఉంది. అది జరిగినట్లుగా వేరే ఆధారం లేదని చరిత్రకారులు చాలామంది అంటారు. అయితే ఆయన అసలు ప్రయోగం అంతకంటే గొప్పది. అది పాదువాలో జరిగింది.

పాదువాలో ఇంటినిండా విద్యార్థులు

1591లో తండ్రి మరణించారు. కుటుంబ భారమంతా పెద్దకొడుకు మీద పడింది. చెల్లెళ్ళ కట్నాల బాకీలు తీర్చాలి, తమ్ముడికి సాయం చేయాలి. 1592లో పాదువా విశ్వవిద్యాలయంలో మెరుగైన ఉద్యోగం దొరికింది. అక్కడ పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. జీతం చాలక దూరప్రాంతాల విద్యార్థులను తన ఇంట్లోనే ఉంచుకుని, భోజనం పెట్టి, పాఠాలు చెప్పి డబ్బు తీసుకునేవారు. ఒక రకంగా ఆయన ఇల్లే ఒక హాస్టల్. పనివాణ్ణి పెట్టుకుని లెక్కలు కట్టే కంపాసులు తయారుచేయించి అమ్మేవారు. పగలు పాఠాలు, ఇంట్లో విద్యార్థుల సందడి, నెత్తి మీద అప్పులు. వీటి మధ్యనే చలనం మీద పరిశోధన సాగింది.

అప్పటికి దాదాపు రెండు వేల ఏళ్ళుగా విద్యావంతులు అరిస్టాటిల్ మాటనే ప్రమాణంగా తీసుకునేవారు. ఎంత బరువైన వస్తువు అంత వేగంగా పడుతుందని ఆయన సిద్ధాంతం. గెలీలియోకు ఇది తప్పని తోచింది. అంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. పడే వస్తువు వేగం క్షణక్షణానికీ పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ ఏ లెక్కన పెరుగుతుంది?

దీన్ని కొలవడం ఆ రోజుల్లో అసాధ్యంగా ఉండేది. మేడ మీది నుంచి రాయి వదిలితే రెండు క్షణాల్లో నేల తాకుతుంది. సెకన్లు చూపించే నమ్మకమైన గడియారం లేదు. అప్పుడు గెలీలియో చేసిన ఆలోచన చాలా సులువైనది, చాలా గొప్పది. పడటాన్ని నెమ్మది చేయాలి. రాయిని నిట్టనిలువుగా వదలకుండా వాలుబల్ల మీద దొర్లిస్తే అదే చలనం నిదానంగా జరుగుతుంది.

సుమారు ఏడు మీటర్ల పొడవున్న చెక్క దూలం తీసుకుని, దాని మీద వేలెడు వెడల్పున తిన్నని గాడి తవ్వించారు. గాడి నున్నగా ఉండేందుకు లోపల తోలు కాగితం అతికించారు. నున్నని గట్టి కంచు గుండును అందులో దొర్లించారు. కాలాన్ని కొలవడానికి పెద్ద పాత్రలో నీళ్ళు పోసి, అడుగున సన్నని గొట్టం అమర్చి, గుండు దొర్లినంతసేపూ కారిన నీటిని గ్లాసులో పట్టి త్రాసులో తూచారు. నీటి బరువే ఆయనకు గడియారం. వాలు మార్చి, దూరం మార్చి మళ్ళీ మళ్ళీ చేశారు. వంద సార్లకు తక్కువ కాకుండా చేసినట్టు తన గ్రంథంలో రాసుకున్నారు.

ఇంత మొరటు పరికరాలతో అంత కచ్చితమైన ఫలితం రాదని, ఇదంతా ఊహేనని ఇరవయ్యో శతాబ్దంలో కొందరు పండితులు అనుమానించారు. 1961లో థామస్ సెటిల్ అనే పరిశోధకుడు అదే పద్ధతిలో ప్రయోగం చేసి ఫలితం వస్తుందని నిరూపించారు. 1970లలో స్టిల్‌మన్ డ్రేక్ అనే చరిత్రకారుడు గెలీలియో రాతప్రతుల్లో ప్రయోగాల కొలతలను గుర్తించారు. గాడి మీద అడ్డంగా తీగలు కట్టి, గుండు తగిలినప్పుడు వచ్చే చప్పుడును పాట తాళంతో సరిచూసి కూడా గెలీలియో కాలాన్ని కొలిచి ఉండవచ్చని డ్రేక్ ఊహించారు. సంగీతకారుడి కొడుక్కి తాళజ్ఞానం ఉండటంలో ఆశ్చర్యం ఏముంది?

ఒక తప్పు, దాని సవరణ

ఆ ప్రయోగాలు చెప్పింది ఇది. మొదటి క్షణంలో గుండు ఒక అడుగు దొర్లితే రెండు క్షణాలకు మొత్తం నాలుగు అడుగులు, మూడు క్షణాలకు తొమ్మిది అడుగులు, నాలుగు క్షణాలకు పదహారు అడుగులు దొర్లుతుంది. అంటే దూరం కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. విడివిడిగా చూస్తే ఒక్కో క్షణంలో దొర్లిన దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరుసలో ఉంటాయి.

1604లో గెలీలియో ఈ సూత్రాన్ని పావోలో సార్పి అనే మిత్రునికి ఉత్తరంలో తెలిపారు. సూత్రం సరైనదే గానీ దానికి ఆయన చెప్పిన కారణం తప్పు. పడే వస్తువు వేగం అది పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని, అంటే రెండింతల దూరం పడితే రెండింతల వేగం వస్తుందని అప్పుడు ఆయన అనుకున్నారు. కొన్నేళ్ళు దానితో కుస్తీ పట్టిన తర్వాత ఆ మాట వదిలేశారు. వేగం పెరిగేది దూరాన్ని బట్టి కాదు, గడిచిన కాలాన్ని బట్టి అని తేల్చారు. సమాన కాలాల్లో వేగం సమానంగా పెరగడమే సమత్వరణం.

ఈ సవరణ చిన్నదిగా కనిపిస్తుంది. కానీ బ్రేకు లెక్క మొత్తం దీని మీదే ఉంది. గెలీలియో మొదట అనుకున్నదే నిజమైతే రెండింతల వేగంతో వచ్చే బండి రెండింతల దూరంలో ఆగిపోవాలి. నేటికీ రోడ్డు మీద బండి నడిపేవాడి కళ్ళూ, రోడ్డు దాటేవాడి కళ్ళూ అలాగే అంచనా వేస్తాయి. ఆ అంచనా తప్పు. రెండింతల వేగానికి నాలుగింతల దూరం కావాలి.

పడటాన్ని వెనక్కి చదివితే బ్రేకు

వాలు దిగిన గుండును ఎదురు వాలు మీదికి పంపితే ఏమవుతుందో కూడా గెలీలియో ఆలోచించారు. దిగేటప్పుడు వేగం ఏ లెక్కన పెరిగిందో ఎక్కేటప్పుడు అదే లెక్కన తగ్గుతుంది. ఘర్షణ లేకపోతే గుండు దిగిన ఎత్తుకే ఎక్కి ఆగుతుంది. బ్రేకు వేసిన బండి కూడా ఇలాంటిదే. దాన్ని ఆపేది ఎదురు వాలు కాదు, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ. తేడా అంతే. మన పుస్తకంలో దీన్నే ఋణత్వరణం అంటారు.

దీనికి ఫార్ములా కూడా అవసరం లేదు. సమంగా వేగం తగ్గే బండి ప్రయాణించే దూరం, దాని సగటు వేగాన్ని కాలంతో గుణిస్తే వస్తుంది. ఈ సగటు వేగం సూత్రం పద్నాలుగో శతాబ్దంలోనే ఆక్స్‌ఫర్డ్ పండితులకు తెలుసు. దాన్ని ప్రకృతిలోని నిజమైన చలనానికి అన్వయించి ప్రయోగంతో నిలబెట్టింది గెలీలియో. ఆయన తన సూత్రాలను రేఖాగణితంలో, నిష్పత్తుల్లో రాశారు. మనం చదివే యు, వి, ఎ, ఎస్ అక్షరాల రూపం ఆ తర్వాతి వారు ఇచ్చింది.

ఉదాహరణకు బ్రేకు వేస్తే సెకనుకు 5 మీటర్/సెకను చొప్పున వేగం తగ్గే బండిని తీసుకుందాం. గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు. అది ఆగడానికి 2 సెకన్లు పడుతుంది. సగటు వేగం 5 మీటర్లు కనుక 10 మీటర్లలో ఆగుతుంది. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు. ఆగడానికి 4 సెకన్లు, సగటు వేగం 10 మీటర్లు, కనుక 40 మీటర్లు. వేగం రెట్టింపైతే కాలమూ రెట్టింపు, సగటు వేగమూ రెట్టింపు. అందుకే దూరం నాలుగింతలు. మూడో సమీకరణంలో వేగానికి వర్గం ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా!

టెలిస్కోపు, విచారణ, ఆఖరి పుస్తకం

1609లో టెలిస్కోపు వార్త విని గెలీలియో తానే మెరుగైనది తయారుచేశారు. 1610లో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను చూసి ప్రకటించారు. ఒక్కసారిగా యూరపు అంతటా ప్రసిద్ధి వచ్చింది. పాదువా వదిలి ఫ్లోరెన్సు పాలకుల ఆస్థానంలో చేరారు. చలనం మీద కాగితాలు పెట్టెలో ఉండిపోయాయి.

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని సమర్థించవద్దని 1616లో మతపెద్దలు ఆయన్ను హెచ్చరించారు. 1632లో ఆయన రెండు విశ్వవ్యవస్థల మీద సంభాషణ రూపంలో ఒక గ్రంథం ప్రచురించారు. పండితుల లాటిన్‌లో కాక సామాన్యులు చదవగలిగే ఇటాలియన్‌లో రాశారు. అది పెద్ద దుమారం లేపింది. 1633 జూన్ 22న రోములో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో మోకాళ్ళ మీద నిలబెట్టి ఆయన చేత తన అభిప్రాయం తప్పని చెప్పించారు. మిగిలిన జీవితమంతా నిర్బంధంలోనే గడపాలని శిక్ష వేశారు.

అంతటితో ఎవరైనా కుంగిపోతారు. గెలీలియో మాత్రం పాత పెట్టె తెరిచారు. సియెన్నాలో ఒక ఆర్చిబిషప్పు ఆశ్రయంలో ఉన్న నెలల్లోనే చలనం మీద రాతపని మొదలుపెట్టారు. తర్వాత ఫ్లోరెన్సు దగ్గరి ఆర్చెత్రిలో సొంత ఇంట్లోనే ఖైదీగా ఉంటూ కొనసాగించారు. 1634లో ప్రాణసమానమైన పెద్దకూతురు మరణించింది. ఆమె దగ్గర్లోని మఠంలో సన్యాసినిగా ఉంటూ ఉత్తరాలతో తండ్రికి ధైర్యం చెబుతూ వచ్చిన మనిషి. ఆ తర్వాత చూపు మందగించి క్రమంగా పూర్తిగా పోయింది.

ఆయన పుస్తకం ఏదీ అచ్చువేయకూడదని నిషేధం ఉండటంతో రాతప్రతిని దేశం దాటించారు. 1638లో హాలండులోని లైడెన్ పట్టణంలో ఎల్జివిర్ అనే ముద్రాపకులు దాన్ని అచ్చువేశారు. రెండు నూతన శాస్త్రాలు అనే ఆ గ్రంథంలోనే వాలుబల్ల ప్రయోగం, సమత్వరణ సూత్రాలు ఉన్నాయి. పాదువాలో మొదలైన పని ముప్పై ఏళ్ళకు పైగా ఆగి లోకానికి అందింది. అచ్చయిన పుస్తకం చేతికి వచ్చేసరికి దాన్ని చూసుకునే కళ్ళు ఆయనకు లేవు.

1642 జనవరి 8న గెలీలియో కన్నుమూశారు. చివరి రోజుల్లో వివియాని, టారిసెల్లి అనే యువకులు ఆయన దగ్గర ఉన్నారు. మతపెద్దలు అభ్యంతరం చెప్పడంతో వెంటనే ఘనమైన సమాధి కట్టలేకపోయారు. 1737లో అస్థికలను ఫ్లోరెన్సులోని శాంతా క్రోచే చర్చిలో గౌరవంగా ఉంచారు. ఆయన విషయంలో పొరపాటు జరిగిందని 1992లో పోపు రెండవ జాన్ పాల్ అంగీకరించారు.

మన రోడ్డు మీద గెలీలియో

ఇప్పుడు ఆ సూత్రాన్ని మన ఊరి రోడ్డు మీదికి తెద్దాం. బస్సు ఆగింది. దిగిన కుర్రవాడు బస్సు ముందు నుంచి పరుగున రోడ్డు దాటబోయాడు. ఎదురుగా వస్తున్న కారు డ్రైవరుకు అతడు 30 మీటర్ల దూరంలో కనిపించాడు. చూసి, ప్రమాదం గ్రహించి, కాలు యాక్సిలరేటరు మీద నుంచి బ్రేకు మీదికి మార్చడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులో బండి వేగం ఏమీ తగ్గదు.

కారు వేగం 36 కిలోమీటర్లైతే ఆ సెకనులో 10 మీటర్లు, బ్రేకుకు 10 మీటర్లు, మొత్తం 20 మీటర్లలో ఆగుతుంది. కుర్రవాడు బతికాడు. వేగం 54 అయితే మొదటి సెకనులోనే 15 మీటర్లు పోతాయి. మిగిలిన 15 మీటర్లలో ఆగదు. మూడో సమీకరణం ప్రకారం గంటకు సుమారు 31 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. వేగం 72 అయితే మొదటి సెకనులో 20 మీటర్లు పోతాయి. మిగిలింది 10 మీటర్లు. 400 నుంచి 100 తీసివేస్తే 300, దాని వర్గమూలం సుమారు 17.3 మీటర్లు. అంటే గంటకు 62 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటుంది. బ్రేకు తొక్కినా తొక్కనట్టే. 36 కిలోమీటర్ల వేగంలో ఒక గీత కూడా పడని చోట 72లో ప్రాణం పోతుంది.

పైగా మనం తీసుకున్నవి అనుకూలమైన అంకెలు. మన దేశంలో రహదారులు రూపొందించే ఇంజనీర్లు డ్రైవరు స్పందనకు ఒక సెకను కాదు, 2.5 సెకన్లు లెక్కగడతారు. అలా చూస్తే 72 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడేలోపే 50 మీటర్లు పోతాయి. వాన పడి రోడ్డు తడిసి పట్టు సగానికి తగ్గితే బ్రేకు దూరం 40 కాదు, 80 మీటర్లు. సమీకరణంలో బరువు లేదు కదా, ఎంతమంది ఎక్కినా ఒకటే అని కూడా అనుకోవద్దు. బ్రేకులు టైరు పట్టునంతా వాడుకోగలిగినంత వరకే ఆ మాట నిజం. మోయలేనంత బరువు ఎక్కించిన ఆటోకు, లారీకి బ్రేకులు చాలవు. అప్పుడు ఋణత్వరణం తగ్గి దూరం పెరుగుతుంది.

హెల్మెట్ గురించి కూడా గెలీలియో లెక్కే చెబుతుంది. 36 కిలోమీటర్ల వేగం రావాలంటే 5 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. 72 రావాలంటే 20 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. అంటే సుమారు ఆరంతస్తుల మేడ. ఆ మేడ అంచున తల వాల్చుకుని ఎవరమూ కూర్చోం. బైకు మీద మాత్రం బోడితలతో కూర్చుంటాం.

హాస్టల్ తమ్ముళ్ళు గదిలోనే చేయగల ప్రయోగం ఒకటి ఉంది. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోవాలి. రెండోవారు సున్నా అంకె దగ్గర వేళ్ళు తాకీతాకకుండా ఉంచాలి. చెప్పకుండా స్కేలు వదిలితే రెండోవారు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే మీ స్పందన కాలం సుమారు 0.2 సెకను. ఇది గెలీలియో సూత్రమే. కళ్ళార్పకుండా ఎదురు చూస్తేనే ఇంత కాలం పడుతోంది. పరధ్యానంగా ఉన్న డ్రైవరుకు, సెల్‌ఫోను మాట్లాడే డ్రైవరుకు ఎంత పడుతుందో ఆలోచించండి. ఆ తర్వాత మీ రఫ్ నోట్సులో 30, 40, 60 కిలోమీటర్ల వేగాలకు ఆగే దూరం లెక్కవేయండి. ఆ దూరాన్ని రోడ్డు మీద కాదు, హాస్టల్ ఆవరణలో అడుగులతో కొలిచి చూడండి. అప్పుడు ఆ సమీకరణం మార్కుల కోసం చదివినట్టు ఉండదు.

డిగ్రీ లేకపోయినా, అప్పులున్నా, మాట్లాడవద్దని నోరు కట్టేసినా, చూపు పోయినా ఆ మనిషి తాను కొలిచి తెలుసుకున్నదాన్ని లోకానికి చెప్పకుండా పోలేదు. ఆయన చెప్పినదాన్ని నాలుగు మార్కులకే వదిలేయకుండా, రోడ్డు దాటే ప్రతిసారీ ఉపయోగించుకుందాం. బస్సు కదిలిపోయాకే రోడ్డు దాటుదాం. మన చిన్నతరగతి పిల్లల చేయి పట్టుకుని దాటిద్దాం.